రోజీ సెలవు చీటీలు

21 నవంబర్ 1978, మంగళవారం
సరోజినీ నగర్

మా పదో తరగతి రోజీకి హాజరు చాలలేదు. తల్లి నర్సు. ఆమె డ్యూటీకి వెళ్ళిన రోజుల్లో, పక్షవాతంతో మంచం పట్టిన తండ్రికి అన్నీ ఈ పిల్లే చేయాలి. మినహాయింపు ఇప్పిద్దామని రోజీ సెలవు చీటీలన్నీ నేనే ప్రిన్సిపాల్ ముందు పెట్టాను.

“అచ్ఛా! తండ్రి సంతకాలన్నీ పిల్ల రాతే! ఫోర్జరీకి మీ సిఫార్సా?” అంటూ ఆయన పరీక్ష ఫారం ఆపేశారు.

“నాన్న చెయ్యి లేవదు కదా టీచర్! ఆయన పెట్టమంటేనే పెట్టా,” అంది రోజీ. “ఇంక బడికి రానులెండి. అమ్మకి చెప్పకండి, ఏడుస్తుంది.”

ఫారాలకు రేపే ఆఖరు.

చదువురాని మా నాన్న నా బడి కాగితాలన్నిటి మీదా వేలిముద్రే వేశాడు. రోజీ నాన్న చేత అదే వేయించమని చెప్పాలని, ఏడాదంతా ఆ చీటీలు తీసుకున్న నాకు ఒక్కసారైనా తోచలేదు.