ఖాళీ గది నిమిషం

జూన్ 2

అంధుల లైబ్రరీ నుంచి చెవుల మాస్టారు ఫోన్ చేశాడు. ఆ పేరు నా భార్య పెట్టింది. ఆయనకు పుట్టుకతో చూపు లేదు. చదివి రికార్డు చేసిన ప్రతి పుస్తకాన్నీ విద్యార్థులకు పంపేముందు మొదటినుంచి చివరిదాకా వినడం ఆయన ఉద్యోగం.

మూడు నెలలు ఆగానండీ, ఇంక ఆగలేను, అన్నాడు. భూగోళశాస్త్రం పుస్తకం, ఇరవై ఆరు అధ్యాయాలు. మార్చిలో పోయేలోపు నా భార్య మొత్తం చదివేసింది. నేను ఎడిట్ చేసి పంపినవి పంతొమ్మిది. జూలైలో పరీక్ష. పద్దెనిమిది మంది పిల్లలు నదులన్నీ దాటొచ్చి ఎడారి గుమ్మంలో నిలబడి ఉన్నారు సార్, అన్నాడు.

చూస్తాను అన్నాను.

చూడ్డం మీ వంతు, వినడం నా వంతు, అన్నాడు. నన్ను నవ్వించాలని అన్న మాట. నవ్వినట్టు శబ్దం చేశాను.

జూన్ 3

గది తలుపు తీశాను. స్టూడియో అని మేం అనుకున్నది నిజానికి బట్టల గది. బీరువా తలుపులు బార్లా తీసి పెట్టి, వేలాడే బట్టల ముందు కుర్చీ వేసుకుని చదివేది. బట్టలు ప్రతిధ్వనిని మింగేస్తాయి. ఏప్రిల్‌లో మా అక్క వచ్చి బట్టలన్నీ మూట కట్టి ఎవరికో ఇచ్చేసింది. నేను వద్దనలేదు. ఇప్పుడు దగ్గితే గది తిరిగి దగ్గుతోంది.

కంప్యూటర్ ఆన్ చేశాను. నాలుగు వందల పన్నెండు అప్‌డేట్లు ఉన్నాయంది. సరే అన్నాను. పదిహేనేళ్ళుగా కాలేజీలో విండోస్ బదులు లినక్స్‌తో నడిచే ల్యాబ్ చూసుకుంటూ, ఇంట్లోనూ అదే వాడుతున్నవాడు చెయ్యాల్సిన పని కాదు. చేతిలో పని ఉండగా అప్‌గ్రేడ్ చెయ్యకూడదని ల్యాబ్ గోడకు కాగితం అంటించింది నేనే.

రీస్టార్ట్ అయ్యాక శబ్దం లేదు.

జూన్ 4, ఉదయం 6

మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె, ఆడియో ఇంటర్‌ఫేస్, యుఎస్‌బి జాబితాలో కనిపిస్తోంది. సౌండ్ కార్డుల జాబితాలో లేదు. వచ్చిన చుట్టం వీధిలోనే ఉన్నాడు, ఇంట్లోకి రావడం లేదు.

కేబుల్ మార్చాను. పోర్ట్ మార్చాను. సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ పాతదానితో బూట్ చేశాను. శబ్దాన్ని పంచిపెట్టే పైప్‌వైర్‌ను ఆపి, దాని కింద ఉండే ఆల్సాను నేరుగా అడిగాను. లేదంటే లేదు.

తను ఈ కంప్యూటర్‌ని సవతి అనేది. మా సవతికి ఈపూట ఒంట్లో ఎలా ఉంది అని అడిగేది. మనింట్లో శబ్దం రావాలంటే ముందు మీరు మూడు రోజులు మాట్లాడకుండా ఉండాలి, అనేది.

జూన్ 6

ఇంటర్‌ఫేస్ చచ్చిపోయిందనుకుని కొత్తది చూద్దామని షాపుకు వెళ్ళాను. షాపాయన నన్ను మర్చిపోలేదు. పోయిన చలికాలంలో మూడు మైకులు కొని రెండు వాపసిచ్చినవాణ్ణి ఎవరు మర్చిపోతారు. లినక్స్‌లో పనిచేస్తుందా అని అడిగాను. మీరు వచ్చారంటే ఆ ప్రశ్న వస్తుందని తెలుసు సార్, లోకమంతా తిన్నగా నడిచే రోడ్డుంటే మీరు గోడ దూకుతారేం, అన్నాడు. డ్రైవర్ లేకుండా నడిచే క్లాస్ కంప్లయంట్ రకం కావాలి అన్నాను. క్లాసుగానే ఉంటుంది సార్, నాది గ్యారంటీ, అన్నాడు.

అమ్మగారి గొంతు ఇప్పుడు శుభ్రంగా వస్తోందా అని అడిగాడు. ఆయనకు తెలియదు. చెప్పకుండా వచ్చేశాను. ఏమీ కొనలేదు.

జూన్ 7

తప్పు దొరికింది. నాదే. పోయిన నవంబర్‌లో నేనే ఒక ఫైల్లో ఒక లైను రాశాను, యుఎస్‌బి సౌండ్ డ్రైవర్ తనంతట తాను లోడవకుండా. దాన్ని వేరే స్క్రిప్టుతో లోడ్ చేసేవాణ్ణి. అప్‌గ్రేడ్ ఆ స్క్రిప్టును పక్కకు నెట్టింది. లైను తీసేశాను. పెట్టె మీద పచ్చ దీపం వెలిగింది.

ఇరవయ్యో అధ్యాయం పెట్టాను. మొదటి మాటలో సగం మింగేసింది. "...పాతం తక్కువగా ఉన్న చోట నేల ఎలా ఉంటుందో ఇప్పుడు చూద్దాం." వర్షం లేదు. పాతం మాత్రమే ఉంది.

ఐదు సెకన్లు పని లేకపోతే సౌండ్ కార్డు నిద్రపోతుంది. లేపితే, లేచేలోపు వచ్చిన మాట పోతుంది. ఒక్క సెట్టింగ్ మారిస్తే సరిపోతుంది. మార్చలేదు. ఒక గంటసేపు తను మాట మధ్యలోంచే మొదలుపెడుతుంటే విన్నాను.

జూన్ 8

ఈరోజు ఏమీ వినలేదు.

జూన్ 9

నిద్ర సెట్టింగ్ తీసేశాను. మాటలు పూర్తిగా వస్తున్నాయి. వాటితోపాటు ఆ రొద కూడా.

ఆ రొద గురించి ఒక నోటుపుస్తకమే ఉంది. పోయిన సెప్టెంబర్‌లో మొదలైంది. సన్నగా, ఇసుక జారినట్టు. తను చదవడం ఆపినప్పుడు వినిపిస్తుంది. ఐదు నెలలు దాని వెంట పడ్డాను. కేబుళ్ళు, పోర్టులు, మైకులు, కెర్నల్ మూడు సార్లు. ఫ్రిజ్‌ను వంటగది అవతలి గోడకు జరిపాను. మొత్తం పద్నాలుగు మార్పులు, తేదీలతో సహా. ప్రతి మార్పు తర్వాతా తనను కూర్చోబెట్టి ఒక వాక్యం చదివించేవాణ్ణి. ఇప్పుడు కాస్త నయం అనేది.

రొద పెరిగి తగ్గుతూ ఉంటుందని కూడా రాశాను. సెప్టెంబర్‌లో నిమిషానికి పద్దెనిమిది సార్లు. డిసెంబర్‌లో ఇరవై రెండు. జనవరిలో ఇరవై ఆరు. పక్కన ఎర్ర ఇంకుతో: కంప్యూటర్ ఫ్యాన్ వేగం పెరుగుతోంది. ఫ్యాన్ మార్చాను.

నేను ఒక్కణ్ణే ఉండి పరీక్షిస్తే రొద వచ్చేది కాదు. అప్పుడప్పుడూ వచ్చే లోపం అని రాసుకున్నాను. మెకానిక్ వస్తే బండి బుద్ధిగా ఉంటుందిలెండి, అంది తను.

జూన్ 11

ఇరవై, ఇరవై ఒకటి పూర్తయ్యాయి. పని పాత పద్ధతిలోనే. మా ఇంట్లో ఒక నియమం ఉండేది, నేను పెట్టిందే. చదవడం మొదలుపెట్టేముందు రికార్డర్ ఆన్ చేసి, గదిలోంచి బయటికెళ్ళి, ఒక నిమిషం వరండాలో నిలబడాలి. మనిషి లేని గది శబ్దం దొరుకుతుంది. దాన్ని సాఫ్ట్‌వేర్‌కు చూపించి, చదివినదాంట్లోంచి అదే శబ్దాన్ని తీసెయ్యమంటాను. ఖాళీ గది నిమిషం. ప్రతి అధ్యాయానికీ ఒకటి. నేను కాలేజీకి వెళ్ళాక తనే చేసుకునేది.

సెప్టెంబర్ నుంచి ఆ ఖాళీ గదిలో కూడా రొద ఉంది. అందుకే తప్పు యంత్రానిది అని నాకు అంత నమ్మకం. గదిలో ఎవరూ లేరు కదా.

జూన్ 12, ఉదయం 9

ఇరవై రెండో అధ్యాయం ఖాళీ గది ఫైలు పదకొండు నిమిషాలుంది. మిగతావన్నీ ఒక్క నిమిషం. నేనెప్పుడూ మొదటి అరవై సెకన్లే తీసుకుంటాను కాబట్టి గమనించలేదు. జనవరి 17 తేదీ. ఫైలు పాడైందేమో చూద్దామని చివరిదాకా పెట్టాను.

మొదటి నిమిషం మామూలే. రొద. తర్వాత ఎక్కడో ఫోన్ మోగింది. కుర్చీ కిర్రుమంది. మైకుకు రెండడుగుల దూరంలో ఉన్న కుర్చీ. అడుగులు, తలుపు.

రొద పోయింది.

పూర్తిగా పోయింది. మీటర్ చూశాను. ఐదు నెలల్లో నేను సాధించలేనంత శుభ్రమైన నిశ్శబ్దం.

తను వరండాలోకి వెళ్ళలేదు. సెప్టెంబర్ నుంచి ఏ రోజూ వెళ్ళలేదు. లేచి నడవడం కష్టమై, కుర్చీలోనే కదలకుండా కూర్చుని నిమిషం లెక్కపెట్టింది. నేను ఐదు నెలలు తన ఊపిరిని గది శబ్దం అని సాఫ్ట్‌వేర్‌కు చూపించాను. తీసెయ్యమన్నాను. నిమిషానికి ఎన్నిసార్లో లెక్కపెట్టి రాసుకున్నాను. ఫ్యాన్ మార్చాను.

జూన్ 12, సాయంత్రం 4

ఆ ఫైల్లో మిగతాది కూడా విన్నాను. తలుపు అవతలి మాటలు. శబ్దం పెంచితే తెలుస్తున్నాయి. ఫోన్ చేసింది అక్క.

లేదు వదినా, మీ తమ్ముడికి చెప్పకండి, అంటోంది తను. అక్టోబర్‌లో రిపోర్టు చూసి డాక్టర్ చెప్పిందే ఇప్పుడూ చెప్పాడు, అందులో కొత్తేముంది. ఇంకా ఐదు అధ్యాయాలున్నాయి. ఆయన ఏం చేస్తున్నాడంటారా, మైకు మార్చుకుంటున్నాడు. మార్చుకోనివ్వండి, ఆ పనున్నంతసేపూ మనిషి బాగుంటాడు.

తర్వాత నవ్వింది. నవ్వు దగ్గులో కలిసిపోయింది. తిరిగొచ్చి కుర్చీలో కూర్చుంది. రొద మొదలైంది.

అక్టోబర్. నాకు చెప్పింది ఫిబ్రవరి 12న. ఆస్పత్రి మెట్ల మీద, అప్పుడే తెలిసినట్టు. నేను చెయ్యి పట్టుకుని ధైర్యం చెప్పాను. తను శ్రద్ధగా విన్నది. మార్చి 5న పోయింది.

ఆ మూడు వారాలే నావి. మిగతా నాలుగు నెలలు వాళ్ళిద్దరివి.

జూన్ 13

పద్నాలుగు సార్లు నయం అంది.

జూన్ 14

అక్కను రమ్మన్నాను. ఏమీ అనకుండా ఫైలు పెట్టాను. తన గొంతు వినగానే అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అయిపోయేదాకా తియ్యలేదు.

ఎందుకు చెప్పలేదన్నాను. ఒట్టు వేయించుకుందిరా అంది. నేను తమ్ముణ్ణి కానా అన్నాను. అక్కకు కోపం వచ్చింది. చెబితే ఏం చేసేవాడివిరా, ఇంకో కేబుల్ కొనేవాడివి, అంది.

ఆ మాట అన్నాక అక్కే భయపడింది. కాసేపు కొంగు అంచు మడతపెడుతూ కూర్చుంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. ఆయన పక్కన కూర్చుని మొహంలోకి చూస్తుంటే ఒక్క పేజీ చదవలేను వదినా, పుస్తకం అయ్యేదాకా నన్ను మామూలు మనిషిలా చూసేవాడు ఒక్కడైనా ఉండాలి, అందట. ఆ ఒక్కడివి నువ్వే అయ్యావురా, అంది.

అంటే నేనొక్కణ్ణే తెలివితక్కువవాణ్ణి అన్నమాట, అన్నాను.

నాలుగు నెలలు నీ ఇంటికొచ్చి నీ మొహం చూస్తూ టీ తాగి వెళ్ళాను, నాకు మాత్రం గొంతు దిగిందనుకున్నావా, అంది.

అక్కతో ఆటో దాకా వెళ్ళలేదు. ఎప్పుడూ వెళ్ళేవాణ్ణి.

జూన్ 16

చెవుల మాస్టారుకు ఫోన్ చేసి మిగతావి పంపను అన్నాను. ఇంకో గొంతుతో చదివించుకోండి అన్నాను. కారణం అడిగాడు. చెప్పాను. పరాయివాడు కాబట్టి చెప్పగలిగాను.

సార్, నేనూ దోషినే, అన్నాడు.

సెప్టెంబర్‌లో పదకొండో అధ్యాయం విని తనకు ఫోన్ చేశాడట. అమ్మా, కామా దగ్గర మీరు ఆగడం లేదు, ఊపిరి ఆపుతోంది మిమ్మల్ని, మా అమ్మకూ ఇలాగే మొదలైంది, ఒకసారి చూపించుకోండి, అన్నాడట. ఆయన చెబితేనే తను డాక్టర్ దగ్గరికి వెళ్ళింది. ఒకే పుస్తకం, ఒకే ఫైలు. ఆయన హెడ్‌ఫోన్లు నావాటికన్నా చవకవి.

మీరెందుకు నాకు చెప్పలేదు అన్నాను. మీరు పక్క గదిలో ఉండే మనిషి కదండీ, నాకన్నా ముందే వినుంటారు అనుకున్నాను, అన్నాడు.

ఎగతాళి కాదు. నిజంగా అలా అనుకున్నాడు. ఫోన్ పెట్టేశాను.

జూన్ 18

కాలేజీలో ఒక విద్యార్థిని వచ్చి, సార్ ఈ కంప్యూటర్లో అప్పుడప్పుడూ శబ్దం పోతోంది అంది. అప్పుడప్పుడూ అనే లోపం లోకంలో లేదమ్మా, నువ్వు చూడని కారణం ఉంటుంది, అన్నాను. పదిహేనేళ్ళుగా చెప్పే మాటే. చెప్పాక కుర్చీలో కూర్చున్నాను. మంచినీళ్ళు కావాలా సార్ అంది.

జూన్ 19

తన మీది కోపం ఎవరి మీద తీర్చుకోవాలో తెలియడం లేదు. బతికున్నవాళ్ళతో అయితే పోట్లాడి, అన్నం మానేసి, రెండోపూటకు తినొచ్చు.

నన్ను అడగకుండా నా వంతు తీసేసుకుంది. నాకు ఆటవస్తువులిచ్చి పక్క గదిలో కూర్చోబెట్టింది. నేను దీక్షగా ఆడుకున్నాను.

అడిగి ఉంటే ఏమనేవాణ్ణి. పుస్తకం ఆపెయ్యమనేవాణ్ణి. అది తనకు తెలుసు. తెలిసినంత మాత్రాన సరైపోతుందా.

జూన్ 21

చెవుల మాస్టారు మళ్ళీ చేశాడు. పంపమని అడగడానికి కాదట. ఒక పిల్ల రోజూ అడుగుతోందట, ఎడారి ఎప్పుడొస్తుంది అని. వేరే ఆవిడతో చదివిస్తాం అంటే, వద్దు, ఆ టీచరుకు కాస్త ఆయాసం ఉన్నా ఆవిడే కావాలి, అందట.

ఆయాసం అని ఆ పిల్లకెలా తెలుసు, నేను తీసేశాను కదా, అన్నాను. మాటల మధ్యది మీరు తీశారు సార్, మాటల్లో ఉన్నదాన్ని ఎలా తీస్తారు, అన్నాడు. తర్వాత, మీరు ఎడిట్ చెయ్యకపోయినా ఫర్వాలేదు, ఉన్నదున్నట్టు పంపినా వింటారు, మా వాళ్ళకు మనిషి ఊపిరి అంటే బెరుకు లేదు, అన్నాడు.

ఆలోచిస్తానన్నాను.

జూన్ 23

తప్పు చదివిన చోట్లు మాత్రం కత్తిరించాను. రొద తీసే ఫిల్టర్ ఏదీ వాడలేదు, ఇరవై, ఇరవై ఒకటికి వేసింది కూడా తీసేశాను. ఇరవై ఆరో అధ్యాయంలో తను ప్రతి నాలుగు మాటలకు ఆగుతుంది. ధ్రువాల దగ్గర ఆరు నెలలు పగలు, అని చదివి, ఆగి, ఆరు నెలలు రాత్రి, అంటుంది. ఆ ఆగిన చోటు మూడు సెకన్లుంది. నా వేలు డిలీట్ మీదకు అలవాటుగా వెళ్ళింది. వెనక్కి తీసుకున్నాను.

జూన్ 24

ఏడు అధ్యాయాలూ పంపాను. క్షమించానని కాదు.

లైబ్రరీ ఫారంలో రికార్డింగులో సాంకేతిక లోపాలు అని ఒక గడి ఉంటుంది. ఏమీ లేవు అని రాశాను.