సోమవారం తెరుచుకున్న పాఠం

కోర్సు నిర్వాహకురాలు మేడమ్ గారికి, నమస్కారాలు.

ఆన్‌లైన్ కోర్సులో ప్రతి పాఠమూ అందరికీ ఒకే రోజు తెరుచుకోవాలన్న నిబంధన, విద్యార్థి ప్రతినిధిగా నేను వాదించి గెలిచినదే. ముందుగా తెరవమని ఎవరైనా కోరితే, పక్షపాతం రాకుండా పేరూ కారణమూ దాచి కార్యాలయం వారు నా అభిప్రాయం అడిగేవారు. అదీ నేను పట్టుబట్టిన పద్ధతే. చివరి పాఠం కోసం గత నెల వచ్చిన అభ్యర్థన మీద "ఒకరికి గడియ తీస్తే నియమమే నీరుగారిపోతుంది" అని రాసి తిరస్కరించాను.

మా అక్క ఆసుపత్రి మంచం మీద నుంచే ఆ కోర్సు చదివేది. కోలుకుంటున్నానని మాతో చెప్పేది. ఆ సాయంత్రం నా వాక్యాన్ని ఆమెకు గొప్పగా వినిపించాను.

"ఆ మనిషికి తొందరేమిటో అడిగావట్రా, ప్లీడరూ?" అంది.

"అడిగితే జాలి పుడుతుందక్కా. ఇక న్యాయమెక్కడ?"

"బాగా చెప్పావురా" అని నవ్వి, ల్యాప్‌టాప్ మూసేసింది.

ఆ వారం శనివారమే అక్క పోయింది. పాఠం సోమవారం తెరుచుకుంది. ఆ అభ్యర్థన ఆమెదేనని నిన్న ఫైలు చూసేవరకూ నాకు తెలియదు. కారణం రాయవలసిన చోట "సోమవారం దాకా నాకు వ్యవధి లేదు" అని ఉంది.

తేదీల నిబంధన ఉండనివ్వండి. కారణాన్ని దాచే పద్ధతిని మాత్రం రద్దు చేయాలని రేపటి సమావేశానికి తీర్మానం పంపుతున్నాను. దానిమీద నన్ను మాట్లాడమనకండి. అక్క రాసిన ఆ ఒక్క వాక్యాన్ని, ఆమె పేరుతో సహా చదివి, తీర్మానాన్ని ఓటుకు పెట్టండి.

ఇట్లు,
ఆమె తమ్ముడు