రూతమ్మను వెనక్కి పంపకండి

ఏలూరు, 1932

పూజ్యులైన అన్నయ్య గారికి చెల్లెలు వందనాలు.

సీమ దొరల నుంచి తివాచీల ఆర్డర్లు ఆగిపోయి ఇక్కడ మగ్గాలు మూతపడ్డాయి. ఈ ఉత్తరమిచ్చి మా రూతమ్మను మీ దగ్గరికి రైలెక్కిస్తున్నాను. మీరు పాఠాలు చెప్పే తాడేపల్లిగూడెం బడిలోనే చేర్చుకుని, పంతులమ్మ ట్రైనింగు దాకా చదివించండి. పన్నెండేళ్ళొచ్చినా దానికి తివాచీ ముడులు వెయ్యడం తప్ప ఏమీ రాదు.

"మగ్గం మళ్ళీ ఆడుద్ది, పిల్లనెక్కడికీ పంపేది లేదు" అన్నారు మీ బావగారు. ఆయన కొల్లేరులో చేపల కూలికి వెళ్ళారు. ఆయనకు చెప్పకుండానే పంపుతున్నాను.

"ఈ వయసులో నాకు చదువొస్తదా అమ్మా?" అని అడిగింది పొద్దున. దానికి జడ వేసి, ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

ఆయన వచ్చి అడిగినా దాన్ని పంపకండి. బెంగ పట్టలేక నేనొచ్చి మీ కాళ్ళు పట్టుకున్నా పంపకండి.

మీ చెల్లెలు