గోడ పక్క జ్ఞానోపదేశం

విశాఖపట్నం,
10 ఏప్రిల్ 1978.

పూజ్యులైన సిస్టర్ బెనెడిక్టా గారికి,

మీ పుష్పకుమారి వినయంగా నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. మీ మోకాళ్ల నొప్పి తగ్గిందని తలుస్తాను.

స్కూల్లో నా చేత నోరు తెరిపించి గట్టిగా చదివించాలని మీరు ఎన్ని పాట్లు పడ్డారో. అలాంటి నేను ఇప్పుడు మా చర్చి విచారణలో పిల్లలకు ప్రశ్నలూ జవాబులుగా జ్ఞానోపదేశం చెబుతున్నాను. గుడి పక్క గది కప్పు మరమ్మతులో ఉంది కనుక ఈ ఏడు తరగతి మా వరండాలోనే, ఆదివారాలు పూజ అయ్యాక.

నిన్న గుడిలో ఫాదర్ గారి పరీక్ష. జవాబులు రాకపోతే ఈ ఏటికి పిల్లలకు మొదటి సత్ప్రసాదం, అదే ఫస్ట్ కమ్యూనియన్, ఉండదు, తరగతి బడి నడిపే జ్ఞానదాసు మాస్టారికి వెళ్తుంది. ఆయన బెత్తానికి భయపడి బడి మానేసిన పిల్లలే నా దగ్గరికి వచ్చింది. వాళ్లను వదులుకోవడం నాకు ఇష్టం లేదు.

పిల్లల్ని పీఠం ముందు నిలబెట్టారు. దేవుడు ఎక్కడున్నాడని ఫాదర్ గారు ముందుగా లూర్దు అనే ఏడేళ్ల పిల్లను అడిగారు. దాని పెదవులు కదిలాయి, మాట వినపడలేదు. పక్కవాడూ అంతే. మాస్టారు గొంతు సవరించుకున్నారు. ఆడవాళ్ల వైపు నుంచి లూర్దు నాయనమ్మ ఆరోగ్యమ్మ అందుకుంది.

"పుష్పా, పిల్లల నోళ్లు కట్టేసి తెచ్చావేటే?"

గుడంతా నవ్వింది.

అప్పుడు నాకు అర్థమైంది. వరండాలో నేను గుసగుసగా చెప్పేదాన్ని, వాళ్లూ గుసగుసగానే అప్పజెప్పేవారు. దేవుడి మాటలు అలాగే పలకాలనుకున్నారు.

నేను లేచి, కాస్త వంగి వినమని ఫాదర్ గారికి చెప్పాను. నా గొంతు గుమ్మం దాకా వినపడిందట. ఆయన లూర్దు నోటి దగ్గర చెవి పెట్టారు. తరవాత ఒక్కొక్కరి దగ్గరా వంగారు. ఎవరూ తప్పలేదు. ఇంత భక్తిగా జవాబు చెప్పిన పిల్లల్ని తాను చూడలేదని, వచ్చే ఆదివారమే సత్ప్రసాదమని ప్రకటించారు. ఈ పద్ధతి ఏ పుస్తకంలో ఉందని మాస్టారు అడిగారు. నవ్వి ఊరుకున్నాను. వచ్చే ఏడూ తరగతి నాదే.

మీ జపాల్లో మా పిల్లల్ని తలచుకోండి.

మీ విద్యార్థిని,
పుష్పకుమారి

తా.క.: అది భక్తీ కాదు, పద్ధతీ కాదు సిస్టర్. పోర్టులో రాత్రి డ్యూటీ చేసి వచ్చి మా నాన్న వరండా గోడ అవతల పడుకుంటాడు. అమ్మ పోయినప్పటి నుంచి ఆయన గుడి మెట్లు ఎక్కలేదు. ఇంట్లో జపం వినపడినా లేచి వెళ్లిపోయేవాడు. అందుకే ఆ గుసగుసలు. నిన్న అన్నం పెడుతూ పరీక్ష సంగతి చెప్పాను. చెయ్యి కడుక్కుంటూ అన్నాడు:

"ఇకనుంచి గట్టిగా సెప్పమ్మా. గోడకి సెవి ఆనించినా సగం ఇనపడ్డం లేదు."