సాక్సుకి అంటుకున్న ముళ్లకాయ

అన్నయ్యా,

ఇది చదివి గోడౌన్ వదిలి పారిపోకు, ప్లీజ్. నేనేం చెప్పలేదు. నా సాక్సే పట్టించేసింది.

నిన్న నీకు అన్నం బాక్స్ ఇచ్చి వచ్చి బూట్లు విప్పుతుంటే నాన్న చూశాడు. మడమ దగ్గర అంటుకున్న గడ్డి ముళ్లకాయని పీకి లెన్సు కింద పెట్టాడు. కాలేజీలో బోటనీ చెబుతూ ఏళ్ల తరబడి ఎండుగడ్డి కాగితాలకి అతికించే మనిషి, ఊరుకుంటాడా?

"చూడు చిన్నీ, ముళ్లకి వెనక్కి తిరిగిన సన్నటి పళ్లున్నాయి. అందుకే పట్టుకుంటే వదలదు. గింజలు లోపల భద్రంగా ఉంటాయి," అన్నాడు. లెన్సు పక్కన పెట్టి, "ఇది ఇసక నేలలోనే వస్తుంది. మనవైపు ఇసకంటే ఆ పాత గోడౌన్ వెనకే కదా?" అన్నాడు.

"ఏమో నాన్నా, పీటీ క్లాసులో అంటుకుందేమో," అన్నాను.

"మీ గ్రౌండంతా సిమెంటేగా తల్లీ." నువ్వెళ్లాక నన్ను తల్లీ అనడం ఇదే మొదటిసారి.

"ఒక్క సీజనే బతికే గడ్డి. గింజ రాలిందంటే ఎండిపోతుంది. ఆదివారం వెళ్దాం, చోటు చూపించు," అన్నాడు.

ఆ రోజు నిన్ను ఇంట్లోంచి పొమ్మన్నది ఆయనే కదా, మళ్లీ గొడవకే వస్తున్నాడేమోనని భయమేసింది. అందుకే ఆదివారం కోసం ఆయన అప్పుడే సర్దేసిన సంచి తీసి చూశాను. మొక్కలు పెట్టే పాత పేపర్లు లేవు, కత్తెర లేదు. ఆయన చెంపదెబ్బకి విరిగిన నీ కళ్లజోడు మాత్రం ఉంది. కాడ అతికించాడు, ఆ గడ్డి అతికించే జిగురుతోనే.

ఆదివారం నువ్వు అక్కడే ఉండాలి,
నీ చెల్లి