వెలగని బల్బు

బుకోమ్, ఆక్రా.
1979 జూలై 14.

టకొరాడిలో ఉన్న అమ్మకు,

టెట్టే దండాలు. ఇక్కడ నేనూ తమ్ముడూ కులాసా. అక్కకు కాన్పు తేలికగా అయిందని తెలిసి ప్రాణం కుదుటపడింది.

నీ ఉత్తరంలో మూడు ప్రశ్నలు అడిగావు. మూడూ తమ్ముడు క్వే గురించే. వాడు వేళకు తింటున్నాడు, నా వంతు కెంకీ ముద్ద కూడా తింటున్నాడు. చెవిపోటు తగ్గింది. చిన్నప్పటి జ్వరంతో తగ్గిన వినికిడి మాత్రం అంతే, గట్టిగా మాట్లాడితేనే వినపడుతుంది. చిట్లిన పెదవి మానింది. నేనెలా ఉన్నానో అడగడం మరిచిపోయినట్టున్నావు. బాగానే ఉన్నాను.

కుమాసీ బాక్సింగ్ పోటీకి మా బరువులో ఒక్కడినే పంపుతారు. మా ఇద్దరిలో ఎవరో తేల్చుకోలేక కోచ్ అజే యూనివర్సిటీ నుంచి ఒక డాక్టరమ్మను పిలిపించాడు. ఆవిడ తెర వెనక మీట నొక్కితే మా ముందున్న పెట్టె మీద బల్బు వెలుగుతుంది. చూసిన వెంటనే మేం బొత్తాం నొక్కాలి. ఎంత ఆలస్యమైందో ఆవిడ దగ్గరున్న గడియారం సెకనులో వెయ్యో వంతుల లెక్కన చూపిస్తుంది.

ముందు క్వే కూర్చున్నాడు. పదిసార్లకు సగటు నూట తొంభై. "వీడివి డేగకళ్లురా!" అని కోచ్ మురిసిపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది. తర్వాత నాకు నూట యాభై వచ్చింది.

"ఓరి నీ! ఇన్నాళ్లూ ఎక్కడ దాచావురా ఇది?" అని వీపు చరిచాడు. కుమాసీకి నేనే.

అమ్మా, అసలు సంగతి ఇప్పుడు చెబుతున్నాను. ఆ మీట నొక్కినప్పుడల్లా సన్నగా టిక్కుమనేది. కంటికంటే చెవికే మనిషి త్వరగా కదులుతాడని డాక్టరమ్మే మాటల్లో అంది. నేను బల్బు కోసం ఆగనే లేదు, టిక్కు విని నొక్కాను. క్వేకి అది వినపడదని తెలుసు. తెలిసే నోరు మూసుకున్నాను.

పదోసారి టిక్కుమంది గానీ, బల్బు వెలగనే లేదు. అయినా నేను నొక్కేశాను. డాక్టరమ్మ తెర వెనక ఉంది, కోచ్ గడియారం మీదికి వంగి ఉన్నాడు. నా పక్కన కూర్చున్న క్వే ఒక్కడే చూశాడు.

దారిలో, "అన్నా, చివర్లో బల్బు వెలగలేదు కదూ?" అన్నాడు.

"వెలిగింది. నువ్వే రెప్ప వేసుంటావు."

"అయ్యుంటుందిలే," అని నా సంచి కూడా వాడే మోశాడు.

వారమైంది, ఎవరికీ చెప్పలేదు. వాడి కళ్లను చూసి కుళ్లుకున్నాను, వాడి మీద నీకున్న బెంగను చూసి కుళ్లుకున్నాను. ఇప్పుడు వాడి మంచితనం చూసి ఇంకా కుళ్లుకుంటున్నాను. ఇవాళో రేపో నిజం కనిపెట్టి కూడా "పోనీలే అన్నా" అనేస్తాడు. అది మాత్రం నేను తట్టుకోలేను. అందుకే ఈ ఉత్తరం పోస్టులో వేసి, అంతా చెప్పేయడానికి నేరుగా కోచ్ దగ్గరికి వెళుతున్నాను. ఇందులోనైనా వాడికంటే ముందుండాలి.

ఇట్లు,
క్వేకి అన్న,
టెట్టే.