నీ తుపాకీకే సరిపోయే తూటాలు

బాబాయ్,

తుపాకీ పట్టిన ప్రతివాడూ కామందుల మనిషేనని భోజనాల దగ్గర నీతో పోట్లాడేవాణ్ణి. నువ్వు వినకుండా, పేలిన తూటాల ఇత్తడి గొట్టాల మెడలు నొక్కి, చెక్కి, మళ్ళీ తుపాకిమందు కూరుకునేవాడివి.

ఇవాళ నీ సంవత్సరీకం. కూలిరేట్ల కోసం సమ్మె చేస్తున్నవాళ్ళని బెదిరించడానికి తూటాలు కావాలని రేపల్లె కామందు తన రైఫిలుతో మనింటికొచ్చాడు.

"మీ ఆయన తూటాలు ఇప్పించమ్మా, మాదీ అదే రకం."

"మీ దాంట్లో ఎక్కవండి అన్నయ్యగారూ. ఆయన గొట్టం మెడ ఒక్కటే నొక్కేవారు. గొట్టం ఒళ్ళు ఆయన తుపాకీలో పేలినప్పుడు దాని కొలతకి ఉబ్బిందే," అంది పిన్ని.

నమ్మక ఒకటి తన రైఫిల్లోకి తోసి చూశాడు. వెనక బోల్టు మూసుకోలేదు. తిట్టుకుంటూ పోయాడు.

తుపాకుల మీద నా మాట మారదు. కానీ ఈ పూట సమ్మెకి నా కరపత్రాల కంటే నీ చాదస్తమే పనికొచ్చింది. వీధి తలుపు వేసి పిన్ని పకపకా నవ్వింది. నువ్వు పోయాక ఆ నవ్వు వినడం ఇదే మొదలు.